పిట్టల గ్రూపుల్లో ఎవరి మాట చెల్లాలి? అడ్మిన్లకు ఒక బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో పక్షి పరిశీలకుల గ్రూపులు నడుపుతున్న అడ్మిన్లకు, సీనియర్లకు, తోటి సభ్యులకు నమస్కారం.

అడ్మిన్‌ను ఎలా ఎంచుకోవాలి, ఫొటోలో ఉన్నది ఫలానా పిట్టే అని తేల్చే పెద్దరికం ఎవరికివ్వాలి అనేది మనం ఇంతవరకూ కూర్చుని మాట్లాడుకోలేదు. గ్రూపు మొదలుపెట్టినవాళ్లు అడ్మిన్లయ్యారు. వాళ్లకు తీరిక చిక్కక మరో ఇద్దరిని కలుపుకున్నారు. ఆ ఇద్దరూ ఎవరంటే, ఎక్కువ లైఫర్లు (జీవితంలో మొదటిసారి చూసి లెక్కలో రాసుకున్న జాతులు) ఉన్నవాళ్లో, అందరికన్నా పెద్ద లెన్సున్నవాళ్లో. అప్పట్లో ఎవరూ తప్పుపట్టలేదు. ముప్పై నలభై మంది ఆదివారం పొద్దున్నే ఏ అమీన్‌పూర్ చెరువు గట్టునో, ఉప్పలపాడు చెరువు దగ్గరో కలుసుకుని, పిట్టలు చూసి, టిఫిన్ తిని ఇళ్లకు వెళ్లే రోజుల్లో అంతకు మించిన పద్ధతి అక్కర్లేదు కూడా. ఎవరి చూపు నికరమో, ఎవరు కాస్త కలిపి చెబుతారో అందరికీ తెలిసేది.

ఇప్పుడు ఒక్కో గ్రూపులో వందల మంది ఉన్నారు. సగానికి సగం మంది ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఎవరి మాట నమ్మాలో తెలియదు కాబట్టి, పేరు పక్కన అడ్మిన్ అని ఉన్నవాళ్ల మాటే నమ్ముతాడు. అంటే, పదేళ్ల కిందట తీరిక లేక ఎవరో చేసిన పని ఇవాళ ఒక ముద్ర అయి కూర్చుంది.

నేను అడిగేది ఇదీ. ఐడీ, అంటే పిట్ట ఏ జాతిదో, తేల్చే పెద్దరికాన్ని గానీ, గ్రూపు నడిపే బాధ్యతను గానీ ఎన్ని జాతులు చూశారన్న లెక్కను బట్టి ఇవ్వకండి. మామూలు పిట్టను ఎంత జాగ్రత్తగా రాస్తారు, “దేన్ని బట్టి చెప్పారు?” అని అడిగితే ఎలా జవాబిస్తారు అన్న రెండే చూడండి. ఆ ఇచ్చే బాధ్యత కూడా కొన్నాళ్లకే ఇవ్వండి.

ముందే ఒక మాట. అడ్మిన్ పని ఎంత చాకిరీయో నాకు తెలుసు. గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు, పార్టీల ఫార్వర్డ్‌లు తీసెయ్యాలి. అర్ధరాత్రి ఇద్దరు కొట్లాడుకుంటుంటే మధ్యలో దూరాలి. కొత్తవాళ్లు అడిగిందే అడుగుతుంటే చెప్పిందే చెప్పాలి. పైసా రాదు, పైగా మాటలు పడాలి. మీలో చాలామంది ఆ ఓపిక చూపించబట్టే ఈ రోజు మన ఊళ్లలో పిట్టల్ని చూసేవాళ్లు ఇంతమంది తయారయ్యారు. ఆ కృతజ్ఞతతోనే రాస్తున్నాను.

సమస్య ఎక్కడుందో ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఏ గ్రూపులోనైనా చలికాలంలో ఇలాంటిది జరుగుతూనే ఉంటుంది.

డిసెంబరు. వరి కోసిన మడి పక్కన కాలవ గట్టు మీద నిలబడ్డ గుడ్డికొంగను (ఇంగ్లీషులో పాండ్ హెరాన్) ఒక డిగ్రీ కుర్రాడు ఫోన్‌తో తీసి గ్రూపులో పెడతాడు. మెడ మీద గోధుమరంగు చారలు, మట్టిరంగు వీపు, పసుపు కాళ్లు. ఐదు నిమిషాల్లో ఒక సీనియర్ జవాబు: “చైనీస్ పాండ్ హెరాన్. కంగ్రాట్స్, మీ జిల్లాకు ఇదే మొదటిది కావచ్చు.” చప్పట్ల బొమ్మలు వరసపెట్టి పడతాయి. కుర్రాడి సంతోషానికి హద్దుండదు. ఇంతలో ఒకావిడ అడుగుతుంది: “చలికాలపు ఈకల్లో ఇండియన్‌నూ చైనీస్‌నూ వేరుచేయడం కుదరదంటారు కదండీ, దేన్ని బట్టి చెప్పారు?” దానికి వచ్చే జవాబు: “నేను ఈశాన్యంలో వందల్లో చూశాను మేడమ్.” అంతే, చర్చ అయిపోయింది. ఆవిడ మళ్లీ నోరెత్తదు. కుర్రాడు చైనీస్ అని రాసేస్తాడు.

నిజానికి ఆవిడ అడిగిందే సరైన ప్రశ్న. గుడ్లుపెట్టే కాలంలో చైనీస్ పాండ్ హెరాన్ తల, మెడ ముదురు ఎరుపు-గోధుమకు తిరుగుతాయి, వీపు నల్లగా ఉంటుంది. మన గుడ్డికొంగకు అదే కాలంలో తల, మెడ లేత గోధుమరంగులోనే ఉండి, వీపు మాత్రం ముదురు ఎరుపుకు మారుతుంది. అప్పుడు చూస్తే చిన్నపిల్లలైనా తేడా చెబుతారు. చలికాలంలో రెండూ ఒకే చారల వేషంలో ఉంటాయి. ఆ ఫొటోకు ఇవ్వదగ్గ జవాబు ఒక్కటే: “జాతి తేల్చలేం. పాండ్ హెరాన్ అని మాత్రమే రాయండి. ఏప్రిల్, మేలో అదే చోటికి మళ్లీ వెళ్లండి, రంగు తిరిగాక తెలుస్తుంది.” చూసిన పిట్టలను మనం ఆన్‌లైన్‌లో నమోదు చేసే ఈబర్డ్‌లో అలా జాతి తేల్చకుండా రాసే వీలుంది. దాన్ని వాడుకోవడానికి మన గ్రూపుల్లో నామోషీ. ఆ నామోషీ ఎక్కణ్నుంచి వచ్చింది? “తెలియదు” అన్నవాళ్లకు గ్రూపులో మార్కులు పడవు. గట్టిగా చెప్పినవాళ్లకే పడతాయి.

ఒక్క కొంగ పేరు అటూ ఇటూ అయితే ఏం మునిగిపోతుందని అడగవచ్చు. మనం సరదాకే మొదలుపెట్టాం, నిజమే. కానీ మనం రాసిన చెక్‌లిస్టులు, అంటే ఒక చోట చూసిన పిట్టల జాబితాలు, మన దగ్గరే ఆగిపోవడం లేదు. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక దేశవ్యాప్తంగా సుమారు 30 వేల మంది పరిశీలకులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనల మీద నిలబడింది. 942 జాతుల పరిస్థితిని అందులో అంచనా వేశారు. 178 జాతులను వెంటనే కాపాడుకోవాల్సిన వరసలో పెట్టారు. ఆ నివేదికలో మనకు గుండె కలుక్కుమనే విషయం ఒకటుంది. పాలపిట్ట బాగా తగ్గిపోయిందనీ, ఏ జాతికి ఎంత అపాయముందో చెప్పే అంతర్జాతీయ రెడ్ లిస్టులో దాని స్థితిని మళ్లీ పరిశీలించాలనీ చెప్పింది. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు కనిపిస్తే శుభమని ఊరి పొలిమేర దాకా వెళ్లి వెతుక్కునే పిట్ట.

పాలపిట్ట తగ్గిందని ఎలా తెలిసింది? ఎవరో అరుదైన పిట్టను వెతుక్కుంటూ వెళితే తెలిసింది కాదు. ఏళ్ల తరబడి అదే రోడ్డు మీద, అదే చెరువు దగ్గర, కనిపించిన ప్రతి గోరింకనూ, పికిలిపిట్టనూ, కరెంటు తీగ మీది పాలపిట్టనూ లెక్కపెట్టి, కనిపించని రోజు కనిపించలేదనే తెలిసేలా పూర్తి చెక్‌లిస్టు పెట్టినవాళ్ల వల్ల తెలిసింది. వాళ్లలో చాలామంది పేర్లు మన గ్రూపుల్లో ఎవరికీ తెలియవు. వాళ్లకు చప్పట్లు పడవు. “ఈ రోజు మా చెరువులో పద్నాలుగు తీతువులు” అని పెడితే ఎవరు పట్టించుకుంటారు?

ఈబర్డ్ సంగతే చూడండి. 2002లో అమెరికాలో కార్నెల్ ల్యాబ్, ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టిన ఈ వ్యవస్థలో ప్రతి ప్రాంతానికీ ఒక ఫిల్టర్ ఉంటుంది. ఫలానా నెలలో ఇక్కడ ఫలానా పిట్ట గరిష్ఠంగా ఇన్ని కనిపించవచ్చు అని ముందే పెట్టిన హద్దు అది. మనం రాసింది ఆ హద్దు దాటితే వివరాలు రాయమంటుంది. తర్వాత స్వచ్ఛందంగా పనిచేసే రివ్యూయర్ దాన్ని చూసి, అవసరమైతే మనకు మెయిల్ పెడతారు. చక్కని ఏర్పాటే. అయితే హద్దు దాటని తప్పు ఆ వలలో పడదు. చలికాలంలో దుక్కి చేలో ప్యాడీఫీల్డ్ పిపిట్ అనే చిన్న పిట్ట ఉంటుంది, అచ్చం దానిలాగే ఉండే, వలస వచ్చిన బ్లిత్స్ పిపిట్టూ ఉంటుంది. రెండూ ఫిల్టర్‌కు సమ్మతమే. ఒకదాన్ని రెండోదిగా రాస్తే ఎవరికీ అనుమానం రాదు. అక్కడ రివ్యూయర్ ఉండడు, అడ్మిన్ ఉండడు, రాసే మనిషి నిజాయితీ ఒక్కటే ఉంటుంది. కూత వినకుండా, రెక్కల మీది ఈకల మధ్య మచ్చ ఆకారం చూడకుండా ఏదో ఒకటి టిక్ పెట్టకుండా ఆగే అలవాటు ఎవరికుందో, ఆ మనిషినే నేను సీనియర్ అంటాను.

ఆ ఈబర్డ్‌లోనే టాప్ 100 అని ర్యాంకులుంటాయి. సరదా పోటీగా నాకూ ఇష్టమే. కానీ మన దగ్గర అదే పరపతి అయిపోయింది. జాతుల సంఖ్య పెరగాలంటే కావలసింది సెలవులు, పెట్రోలు, ఫ్లైట్ టికెట్లు, గైడ్ ఫీజు. వీటిలో ఒక్కటి కూడా మనిషి మాట ఎంత నమ్మదగిందో చెప్పదు. ఒంగోలులో బడి పంతులుగా పనిచేస్తూ వారం వారం ఒకే కుంట దగ్గరికి సైకిల్ మీద వెళ్లే మనిషి ఆ జాబితాలో పైకి రాడు. ఆ కుంట గురించి మాత్రం ఆయన మాటే ఆఖరి మాట కావాలి.

పేరును చూసి నమ్మితే ఏమవుతుందో పక్షి శాస్త్రం ఒకసారి చాలా ఖరీదుగా నేర్చుకుంది. కల్నల్ రిచర్డ్ మైనర్ట్‌జాగన్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఉండేవాడు. 1967లో చనిపోయేనాటికి ఆయన పేరు మోగిపోయేది. వేల పక్షి నమూనాలు (చంపి, ఎండబెట్టి, ఎక్కడ ఎప్పుడు దొరికిందో చీటీ కట్టి దాచినవి) సేకరించిన మనిషి, పుస్తకాలు రాసిన మనిషి, పెద్దపెద్దవాళ్లతో పరిచయాలున్న మనిషి. మధ్యలో ఒకసారి నమూనాలు చెప్పకుండా తీసుకెళ్తున్నాడని బ్రిటిష్ మ్యూజియం పక్షుల గదిలోకి రానివ్వలేదు కూడా. అయినా పలుకుబడి చెక్కుచెదరలేదు. తర్వాత తేలిందేమిటంటే, ఇతరులు సేకరించిన నమూనాలను దొంగిలించి, చీటీలు మార్చి, తాను పట్టినట్టు రాసుకున్నాడని.

అందులో ఒకటి మన దేశపు ఫారెస్ట్ ఔలెట్, చిన్న గుడ్లగూబ. 1884 తర్వాత అది ఎవరికీ దొరకలేదు, ఒక్క మైనర్ట్‌జాగన్‌కు తప్ప. 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర పట్టానన్నాడు. నిజానికి అది 1880ల్లో జేమ్స్ డేవిడ్‌సన్ అనే ఆయన సేకరించిన నమూనా. ఆ దొంగ చీటీ వల్ల వెతుకులాట దారి తప్పింది. అమెరికాకు చెందిన పక్షి శాస్త్రవేత్త పమేలా రాస్‌ముసెన్ మ్యూజియంలోని నమూనాలను ఒక్కొక్కటే విప్పి చూసినట్టు పరీక్షించి, ఆ చీటీ అబద్ధమని తేల్చారు. మిగతా అసలైన చీటీల్లోని ఊళ్లను నమ్ముకుని తోటివాళ్లతో వచ్చారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబ పట్టపగలు చెట్టు మీద కూర్చుని కనిపించింది. 113 ఏళ్ల తర్వాత. ఎంత పెద్ద పేరైనా సరే, “దేన్ని బట్టి?” అని అడిగే ఒక్క మనిషి ఉంటే ఏం జరుగుతుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. మన గ్రూపులో కొంగ గురించి అడిగి నోరు మూయించుకున్న ఆవిడ అడిగింది కూడా అదే ప్రశ్న.

బ్రిటన్‌లోనే ఇంకొకటి జరిగింది. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో హేస్టింగ్స్ చుట్టుపక్కల 1890ల నుంచి 1930 దాకా నమ్మశక్యం కానన్ని అరుదైన పిట్టలు దొరికాయి. వాటిలో ఎక్కువభాగం ఒకే టాక్సిడెర్మిస్ట్ (చచ్చిన పిట్టలను బొమ్మల్లా నిలబెట్టి భద్రపరిచేవాడు) చేతుల మీదుగా బయటికొచ్చాయి. 1962లో బ్రిటిష్ బర్డ్స్ పత్రిక ఆ రికార్డులను పక్క ప్రాంతాల రికార్డులతో, తర్వాతి కాలపు రికార్డులతో పోల్చి, గణాంకాలతో సహా పరీక్షించి, మూకుమ్మడిగా కొట్టేసింది. దానికి మూడేళ్ల ముందే, 1959లో, అరుదైన పిట్టల రికార్డులను పరిశీలించేందుకు అక్కడ ఒక కమిటీ ఏర్పడింది. పదిమంది సభ్యులు. అది ఇప్పటికీ నడుస్తోంది.

మనం నేర్చుకోదగ్గది ఆ కమిటీ సభ్యులను ఎంచుకునే తీరు. అందరికన్నా ఎక్కువకాలంగా ఉన్న సభ్యుడు తప్పుకుంటాడు. ఆయన మంచివాడా కాదా అన్న చర్చే రాదు, వంతు వచ్చింది కాబట్టి దిగుతాడు. ఆ ఖాళీకి ఎవరు కావాలో ఓటు వేసేది జిల్లాల్లో రికార్డులు చూసేవాళ్లు, పక్షి పరిశీలన కేంద్రాలవాళ్లు. అంటే, ఆ పని చేతులతో చేసి, దాని బరువు తెలిసినవాళ్లు. అభ్యర్థిలో ఏం చూడాలో కూడా బాహాటంగా రాసుకున్నారు: గుర్తుపట్టడంలో నైపుణ్యం, ఫీల్డులో నమ్మదగినవాడన్న పేరు, తాను స్వయంగా పంపిన వివరణల నాణ్యత, ఇతరుల రికార్డులు పరిశీలించిన అనుభవం, గుట్టలుగా వచ్చే పనిని మోసే ఓపిక, తన ప్రాంతంలో ఉన్న మంచిపేరు. ఎన్ని లైఫర్లు, ఏ కెమెరా అన్నవి ఆ వరసలో ఎక్కడా లేవు. ఇతరుల రికార్డులను తూకం వేసే మనిషి ముందు తన రికార్డులను ఎంత ఓపికగా వివరించి పంపాడన్నది చూడటం నాకు చాలా నచ్చింది. వాళ్ల దేశం వేరు, మన పద్ధతులు వేరు, నిజమే. అయినా ఇవి తేలిగ్గా తెచ్చుకోగలిగిన అలవాట్లే.

ఇక మన గడ్డ మీది కథ. కలివికోడి. 1848లో థామస్ జెర్డన్ లోకానికి చెప్పిన పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్న పిట్ట. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు కడప జిల్లాలో వెతికారు. 1986 జనవరిలో లంకమల దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ తర్వాతే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ప్రపంచంలోని పక్షి శాస్త్రవేత్తలంతా ఎనభై ఆరేళ్లుగా చూడనిది ఆయన చూశాడు.

నిజాయితీగా ఆలోచించండి. ఇవాళ ఐతన్న లాంటి మనిషి మన గ్రూపులో చేరి, ఫొటో లేకుండా, “నిన్న రాత్రి కంప చెట్ల మధ్య ఇలాంటి కోడి పరిగెత్తింది సార్” అని తెలుగులో వాయిస్ మెసేజ్ పెడితే ఏమవుతుంది? ఎవరూ వినను కూడా వినరు. లేదా “ఫొటో ప్లీజ్” అని ఒక్క ముక్క పెడతారు. ఫొటో అడగడం తప్పు కాదు, రుజువు కావాలి. కానీ ఏ వేళప్పుడు, ఎంత సైజు, పరిగెత్తిందా ఎగిరిందా, కూత విన్నావా, ఆ చోటు మళ్లీ చూపిస్తావా అని తెలుగులో ఓపికగా అడిగే మనిషి ఒక్కరైనా గ్రూపులో ఉండాలి. అలా అడగగలిగినవాళ్లే ఐడీ తేల్చే బాధ్యతకు తగినవాళ్లు. నల్లమలలో చెంచులకు, పులికాట్ అంచున చేపలు పట్టేవాళ్లకు, కొల్లేటి లంకల్లో పడవ నడిపేవాళ్లకు, గొర్రెల మంద వెంట రోజంతా తిరిగేవాళ్లకు తెలిసిన పిట్టలు మన చెక్‌లిస్టుల్లోకి రావడం లేదంటే లోపం వాళ్లది కాదు. మన గ్రూపుల్లో పరపతి సంపాదించాలంటే ఇంగ్లీషు పేర్లు రావాలి, ఖరీదైన కెమెరా ఉండాలి. ఈ రెండు గేట్లూ మనమే పెట్టాం.

అందుకని నా కోరికలు కొన్ని. అన్నీ అన్ని గ్రూపులకూ సరిపోతాయని అనను.

ముందుగా, గ్రూపు క్రమశిక్షణ చూసే పనినీ ఐడీ తేల్చే పనినీ విడదీయండి. కొట్లాట ఆపగలిగే నేర్పు వేరు, డేగ పిల్ల రెక్క చూసి జాతి చెప్పగలిగే నేర్పు వేరు. ఒకే మనిషిలో రెండూ ఉండటం అరుదు. రెండూ ఒకే చేతిలో ఉంటే మరీ ప్రమాదం. ఐడీ మీద గట్టిగా ప్రశ్నించినవాళ్లను గ్రూపులోంచి తీసెయ్యగలిగే బటన్ కూడా అదే మనిషి దగ్గర ఉంటుంది కదా. తీసెయ్యకపోయినా, తీసేస్తారేమోనన్న టెన్షన్ చాలు, నోళ్లు మూతపడటానికి.

రెండు పనులకూ గడువు పెట్టండి. రెండేళ్లో మూడేళ్లో, మీరే తేల్చుకోండి. గడువు అయినవాళ్లు కొంతకాలం ఆగి మళ్లీ రావచ్చు. అందరూ ఒకేసారి దిగిపోకుండా ఏటా ఒకరు దిగితే కొత్తవాళ్లకు పని నేర్పేవాళ్లు ఉంటారు. ఎంపికలో ఓటు ఎవరికన్నది మాత్రం కాస్త జాగ్రత్తగా చూసుకోవాలి. గ్రూపులో ఉన్న అందరికీ ఓటు అంటే బాగా ఫొటోలు పెట్టేవాళ్లే గెలుస్తారు. గత ఏడాదిలో క్రమం తప్పకుండా పూర్తి చెక్‌లిస్టులు పెట్టినవాళ్లు, చెరువు లెక్కల్లో పాల్గొన్నవాళ్లు, నడకలు నడిపించినవాళ్లు ఓటేస్తే న్యాయంగా ఉంటుంది. ఫోన్ వాడని పరిశీలకుల తరఫున ఎవరైనా చెక్‌లిస్టు పెడుతుంటే, అసలు చూసిన మనిషి పేరు అందులో రాసి, వాళ్లనూ లెక్కలోకి తీసుకోండి.

“ఎన్నికలంటే రాజకీయాలొస్తాయి, గ్రూపులు చీలుతాయి” అని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. కానీ మన గ్రూపులు ఎన్నికలు లేకుండానే చీలుతున్నాయి కదా. అలిగి వెళ్లిపోయినవాళ్లు పక్కన ఇంకో గ్రూపు పెట్టుకుంటున్నారు. అక్కడా మొదలుపెట్టినవాళ్లే అడ్మిన్. ఐదారేళ్లకు అక్కణ్నుంచీ కొందరు అలిగి వెళ్తారు. మాట చెప్పుకునే దారి లేనప్పుడు వెళ్లిపోవడం ఒక్కటే దారవుతుంది.

అభ్యర్థిని ఎలా చూడాలి? గత ఏడాది ఆయన లేదా ఆవిడ గ్రూపులో ఇచ్చిన జవాబులు పైకి తిప్పి చదవండి. పేరు చెప్పి ఊరుకున్నారా, ముక్కు ఇలా ఉంది, తోక చివర ఇలా ఉంది అని కారణం చెప్పారా? “ఈ ఫొటోలో తేలదు” అని ఎప్పుడైనా అన్నారా? తన ఐడీ తప్పని ఎవరైనా చూపిస్తే అదే గ్రూపులో, అందరి ముందూ దిద్దుకున్నారా, లేక మెసేజ్ డిలీట్ చేసి ఊరుకున్నారా? ఇది తెలుసుకోవడానికి ఏ ర్యాంకూ అక్కర్లేదు, అరగంట చదివితే చాలు. దిద్దుకున్న మనిషికి నేను కళ్లు మూసుకుని ఓటేస్తాను.

తన రికార్డును తానే ఆమోదించుకునే పద్ధతి ఎక్కడున్నా ఆపండి. అడ్మిన్ చూసిన అరుదైన పిట్టనైనా మరో ఇద్దరు చూసి చెప్పాలి. ఒప్పుకోని రికార్డుకు కారణం రాసి ఇవ్వండి, తెలుగులో, రెండు వాక్యాలైనా సరే. ఒప్పుకోలేదంటే అబద్ధం చెప్పావని కాదు, చూపించిన ఆధారం సరిపోలేదని మాత్రమేనని కొత్తవాళ్లకు విడమరిచి చెప్పండి. కుర్రాళ్లు చాలామంది మొదటి రికార్డు కొట్టేశారని చిన్నబుచ్చుకుని మానేస్తున్నారు. ఒక్క ఫోన్ చేసి “నీ చూపు బాగుంది, ఈసారి కూత కూడా రికార్డు చెయ్యి” అంటే ఆ పిల్లాడు పదేళ్లు ఉంటాడు.

ఒక్క విషయంలో మాత్రం మెత్తగా ఉండొద్దు. గూడు ఫొటోలు, అపాయంలో ఉన్న పిట్టల కచ్చితమైన చోటు. బట్టమేక పిట్టను కాపాడుకోవడానికి రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టుకున్నాం, ఇవాళ అక్కడ ఆ పిట్ట కోసం కళ్లు కాయలు కాచేలా చూసినా కనిపించని స్థితి. ఇంత తక్కువ మిగిలినప్పుడు ఒక్క లొకేషన్ పిన్ బయటపడినా నష్టమే. ఈబర్డ్ కూడా ఇలాంటి జాతుల చోటును కచ్చితంగా చూపించదు. మన గ్రూపులో అదే సమాచారం ఒక సీనియర్ పెడితే అందరూ ఊరుకుంటారు, కొత్తవాడు పెడితే విరుచుకుపడతారు. గుడ్ల మీద కూర్చున్న పిట్ట దగ్గరికి వెళ్లి తీసిన ఫొటోను ఎవరు పెట్టినా, ఎన్ని అవార్డులు వచ్చినవాళ్లు పెట్టినా, పది నిమిషాల్లో తీసెయ్యండి. ఎందుకు తీశారో అక్కడే రాయండి. కూత రికార్డు పదేపదే వినిపించి పిట్టను బయటికి రప్పించడం కూడా అంతే. పరపతి ఉన్నవాళ్ల మీద నియమం అమలైనప్పుడే కొత్తవాళ్లు దాన్ని నియమమని నమ్ముతారు.

ఆడవాళ్ల గురించి విడిగా చెప్పాలి. తెల్లవారుజామున చెరువు గట్టుకు ఒంటరిగా వెళ్లడం వాళ్లకు తేలిక కాదు. అందుకే చాలామంది ఇంటి చుట్టూ, కాలేజీ ఆవరణలో, డాబా మీద నుంచి చూస్తారు. వాళ్ల లిస్టులో జాతులు తక్కువుంటాయి, లెక్కలు పక్కాగా ఉంటాయి. సంఖ్యను బట్టి పెద్దరికమిచ్చినంతకాలం వాళ్లు అడ్మిన్లు కాలేరు. మీ గ్రూపులో ఐడీ చెప్పేవాళ్ల జాబితా తీసి చూడండి: అందులో ఆడవాళ్లు ఎంతమంది?

వలస బాతులు దిగడం మొదలయ్యేలోపు, అంటే దసరాకు కాస్త అటూ ఇటూగా, మీ మీ గ్రూపుల్లో ఒక్క ఆదివారం దీని గురించి మాట్లాడండి. ఫిబ్రవరిలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌కు, అంటే చుట్టుపక్కల పిట్టలను అందరూ ఒకేసారి లెక్కపెట్టే కార్యక్రమానికి, కొత్తవాళ్లు చాలామంది వస్తారు. ఆలోపు ఎవరు ఏ పని చూస్తారో, ఎంతకాలం చూస్తారో రాసి గ్రూపు వివరాల్లో పెడితే, వచ్చినవాళ్లకు ఎవర్ని ఏం అడగాలో తెలుస్తుంది. కర్నూలు, నంద్యాల వైపు గ్రూపులేవైనా ఈ మీటింగు పెట్టుకుంటే నాకు కబురు చేయండి. వచ్చి, జరిగిన చర్చంతా తెలుగులో రాసిపెట్టే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ తోటి పక్షి పరిశీలకుడు,
కర్నూలు